ఇంటికి పంపిన జ్వరాలు

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నా దగ్గరికొస్తే రెండే అడుగుతారు. అడవిలో కాల్పులు జరిగిన చోటికి ఎట్లా వెళ్లేవాళ్లు? గోదావరి పొంగి కరెంటు, ఫోను పోయినప్పుడు వార్త ఎట్లా పంపేవాళ్లు? రెండింటికీ జవాబు ఒకటే. బస్సు దొరికితే బస్సులో, దొరక్కపోతే నడిచి, అదీ కుదరకపోతే పక్క పేపరాయన్ని బతిమాలి. ఆ కథలు చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. నిజానికి ఖమ్మంలోనూ, తరువాత భద్రాచలంలోనూ విలేకరిగా నా రోజులు ఎక్కువగా గడిచింది పిల్లల జ్వరాలతో. వానలు మొదలైతే చాలు, పొద్దున లేచి దవాఖానా వార్డులు తిరగడం, మంచానికి ఇద్దరు చొప్పున పడుకున్న పిల్లల్ని లెక్కబెట్టుకుని రావడం.

జ్వరాల వార్త ఎవరైనా రాయగలరని అనుకుంటారు. మాకు వచ్చిన మాట ఒక్కటే, ‘అస్వస్థత’. అన్నం వికటించినా అస్వస్థత, మలేరియా అయినా అస్వస్థత, ఎండలో ప్రార్థనకు నిలబెడితే కళ్లు తిరిగి పడిపోయినా అస్వస్థత. ఆ మాట రాస్తే ఇంకేమీ కనుక్కోనక్కర్లేదు. అందుకే అది మా అందరికీ అంత ఇష్టం.

ఇన్నేళ్లలో నాకు అర్థమైనది, నన్ను విసిగించినదీ ఇంతే. పట్నంలో ఇంట్లో పడుకోవాల్సిన పిల్లల్ని బడికి పంపుతారు. అడవి పక్క బళ్లలో, దవాఖానాకు పోవాల్సిన పిల్లల్ని ఇంటికి పంపుతారు. రెండూ తప్పని అందరికీ తెలుసు. తెలిసే చేస్తారు.

యూనిట్ టెస్టు జ్వరం

రెండువేల తొలి సంవత్సరాల్లో ఖమ్మం అంచున, ఖానాపురం హవేలిలో కిరాయికి ఉండేవాణ్ని. కింది పోర్షన్‌లో సుగుణ కుటుంబం. ఆమె ఒక ఆఫీసులో గుమాస్తా, భర్త కల్లూరు వైపు టీచరు. కొడుకు మూడో తరగతి. ఒకరోజు పొద్దున ఆ పిల్లాడు స్కూటర్ ముందు నిలబడి, హ్యాండిల్ మీద తల ఆనించి కనిపించాడు. ముట్టుకుంటే ఒళ్లు వెచ్చగా ఉంది.

“ఏందమ్మా, వీడి మొహం గిట్ల గుంజుకపోయింది?”

“రాత్రంత కాలిందన్నా. పొద్దున మందు వోసిన, దిగింది. ఇయ్యాల యూనిట్ టెస్టు.”

“ఇంట్ల ఉంచరాదు?”

“ఉంచుత. ఎవరుంటరు ఇంట్ల? ఆయన పొద్దుగాల్నే బస్సెక్కిండు. నా సెలవులు అయిపోయినయ్. నువ్వుంటవా చెప్పు, ఇక్కడ్నే దింపుత.”

నాకు కలెక్టరేట్‌లో ప్రెస్‌మీట్ ఉంది. గేటు తీశాను. ఆ నెల తిరిగేసరికి వాడి తరగతిలో సగం బెంచీలు గవదబిళ్లలతో ఖాళీ. మిగిలిన సగం దవడలకు మఫ్లర్లు చుట్టుకుని పరీక్షలు రాశారు. బడి కరస్పాండెంటును అడిగితే, ఏడాదంతా ఒక్కరోజు మానకుండా వచ్చిన పిల్లలకు వార్షికోత్సవంలో కప్పు ఇస్తామని, అది తమ బడి ప్రత్యేకత అని ఛాతీ విరుచుకుని చెప్పాడు. దగ్గుతూ వచ్చినవాడికి కప్పు, ఇంట్లో ఉండి పక్కవాళ్లను కాపాడినవాడికి గుంజీళ్లు.

అప్పుడు బళ్లకు తిరిగే డాక్టరు ప్రసాద్ అని ఒకాయన ఉండేవాడు. స్కూల్ హెల్త్ అంటే ఏడాదికొకసారి జీపు రావడం, నాలుక చూడటం, కనురెప్ప ఎత్తి చూడటం, పురుగుల మాత్ర ఇచ్చి పోవడం. ఒక్క పూటలో బడి మొత్తం చూడాలి. “నేను చూసేది పిల్లల్ని కాదు, క్యూని” అనేవాడు. ఆయన్ని కూర్చోబెట్టి, పిల్లల్ని ఎప్పుడు ఇంట్లో ఉంచాలో చెప్పమన్నాను. చెప్పింది చెప్పినట్టు ఇప్పటికీ గుర్తుంది.

“మందు పోస్తే దిగిన జ్వరం దిగినట్టు కాదు. మందు లేకుండా ఒక పగలు, ఒక రాత్రి గడవనీ, అప్పుడు పంపు. వాంతులు, విరేచనాలు ఆగినంక కూడా ఇంకో రోజు ఉంచు. ఒంటి మీద పొక్కులుంటే అవి ఎండేదాక వద్దు. ముక్కు కారుతున్నది, కానీ తింటున్నడు, ఆడుతున్నడు అంటే బడికి తోలు, నీకూ హాయి. ఇంకొకటి. పిల్ల మబ్బుగున్నది, పిలిస్తే పలకడం లేదంటే బడీ వద్దు, ఇల్లూ వద్దు. దవాఖానాకు పట్కరా.”

దాన్ని శుభ్రంగా రాసి పంపాను. మా ఎడిషన్ ఇన్‌చార్జి ఫోను చేశాడు.

“ఇందులో పిల్లలకు ఏమన్నా అయిందా?”

“కాలేదు సార్. కాకుండా ఉండటానికే ఇది.”

“ఏమీ కాకపోతే వార్తేంటయ్యా?”

వచ్చిందిలెండి. చేతిపంపుల మరమ్మతుల వార్త కింద నాలుగు లైన్లు. నేను పంపినదాంట్లో మొదటి నాలుగు లైన్లలో డాక్టరుగారి పరిచయమే ఉంది.

పండుగ తువ్వాల

తరువాత నన్ను భద్రాచలం వేశారు. కొంతకాలానికి డాక్టర్ ప్రసాద్‌ని కూడా అక్కడి పెద్ద దవాఖానాకు వేశారు. ఆయన బళ్ల జీపు కూడా వెంట వచ్చినట్టే, ఆశ్రమ పాఠశాలలు తిరగడం ఆయనకే తగిలించారు. ఆశ్రమ పాఠశాల అంటే అడవి ఊళ్ల పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకునే బడి. వారం పది రోజులకొకసారి నేనూ ఆ జీపులో ఎక్కేవాణ్ని.

ఒక ఆడపిల్లల బడికి వెళ్లాం. ఊరి పేరు రాయను. వార్డెన్ రాజేశ్వరి మేడం మధిర వైపు ఆవిడ. కళ్లకలక వచ్చిందని కబురు. వెళ్లి చూస్తే వరండా నిండా ఎర్ర కళ్ల పిల్లలు. కళ్లకలక వస్తే ఎవరైనా మూలన కూర్చుని ఏడుస్తారు. వీళ్లేమో బట్టల మూటలు పక్కన పెట్టుకుని కిలకిలా నవ్వుతున్నారు. డాక్టరుకు అనుమానం వచ్చింది. కిటికీ ఊచకు ఆరేసిన ఒక తడి తువ్వాలు లాగాడు.

“ఎవరిదే ఇది?”

“అందర్ది సార్.”

“అందర్ది ఏంది? ఒక్కరి మొహం తుడిచింది ఇంకొకరు తుడవద్దని ఎన్నిసార్లు చెప్పిన?”

వెనక నుంచి ఒక పిల్ల, “పండుగ తువ్వాల సార్ అది” అంది. ఇంక నవ్వులే నవ్వులు.

సంగతి ఏమిటంటే, ఊళ్లలో కొత్తల పండుగ దగ్గరపడింది. కొత్త పంట దేవతకు పెట్టి తినే పండుగ. దానికి బడి సెలవివ్వదు. కళ్లకలక వస్తే మాత్రం ఇంటికి పంపుతుంది. పిల్లలకు లెక్కలు రావని ఎవరన్నారో! మొదటి పిల్లకు వచ్చిన ఎర్ర కన్ను తువ్వాలెక్కి, మంచం నుంచి మంచానికి తిరిగింది.

డాక్టరు తల పట్టుకున్నాడు. “మేడం, వీళ్లను పంపితే తలా ఒక ఊరికి పట్కపోతరు. వెనక గది ఒకటి ఖాళీ చేసి వేరుగ ఉంచండి. పండుగకు కళ్లు మంచిగున్నోళ్లకు రెండ్రోజులు సెలవియ్యండి, ఈ రోగం దానంతటదే పోతది.”

“ఇక్కడ ఉంచితే ఎట్లాగండీ?” అంది రాజేశ్వరి మేడం. నా వైపు ఓరగా చూసి, “పేపర్లో పడుద్ది” అంది.

పిల్లలు వెళ్లిపోయారు. కళ్లకలక కూడా వెళ్లింది. ఆ నెలంతా మా పేజీలో ఊరూరా కళ్లకలక వార్తలే.

ఆవిడ అన్న మాట నవ్వి ఊరుకోదగ్గది కాదని నాకు తరువాత తెలిసింది. ఆ చుట్టుపక్కల వార్డెన్లందరిదీ అదే పద్ధతి. ఏ కాగితం మీదా లేదు, అందరూ పాటిస్తారు. పిల్లకు ఒళ్లు వెచ్చబడితే తండ్రికి కబురు పంపు, గేటు దాటించు. పిల్ల బడిలో పోతే వార్త. ఎంక్వైరీ. సస్పెన్షన్. ఇంటి దగ్గర పోతే ఏ వార్తా లేదు, ఏ కాగితమూ కదలదు. ఈ తేడా వార్డెన్లకు నేర్పింది మా పేపర్లే.

జోగయ్య బైఠాయింపు

మరుసటి వానాకాలం, కల్వర్టు కొట్టుకుపోయిందంటే రాయడానికి అటు వెళుతూ ఆ బడి ముందు ఆగాను. గేటు దగ్గర ఒకాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పేరు మడకం జోగయ్య. దుప్పటి కప్పిన కూతురు ఆయన భుజానికి ఒరిగి ఉంది. నాగమణి, ఆరో తరగతి. ఎదురుగా గొడుగు పట్టుకుని రాజేశ్వరి మేడం. వాన సన్నగా పడుతోంది.

“తీసుకెళ్లు జోగయ్యా. నాలుగు రోజులు ఇంట్లో పడుకుంటే అదే తగ్గుద్ది.”

“తీస్కపోను.”

“నీ బిడ్డే కదయ్యా!”

“అవ్, బిడ్డ నాదే. జ్వరం నీ బడిది.”

“అదేం మాటయ్యా?”

“మంచిగున్న పిల్లను తెచ్చి ఇచ్చిన. మంచిగ చేసి ఇయ్యి, తీస్కపోత.”

లోపల వంటమనిషి ఫక్కున నవ్వింది. మేడం ఉరిమి చూసింది. జోగయ్య మాత్రం నవ్వలేదు.

“మా ఊరు వాగు అవతల. నేను మెడలోతు నీళ్లల్ల దాటొచ్చిన. ఈ పిల్లను నెత్తిన వెట్టుకొని దాటాల్నా? దాటితే ఆడ ఏమున్నది? నర్సమ్మ వానలల్ల రాదు. మా వడ్డె చెట్టు మందిస్తడు. ఇచ్చి, తగ్గకపోతే ఆయనే దవాఖానాకు పో అంటడు. మల్ల మోసుకొని ఈడికే రావాల్నా?”

వడ్డె అంటే ఊరి పూజారి. అడవి మనుషులు దవాఖానాకు రారని మేము ఎన్ని వార్తలు రాశామో! ఈయన దవాఖానా దారిలో కూర్చుని, వెనక్కి పోనని మొండికేస్తున్నాడు.

నేను వంగి “నాగమణీ” అని పిలిచాను. కళ్లు సగం తెరిచింది, పలకలేదు. మళ్లీ పిలిచాను. తల తండ్రి భుజం మీద నుంచి జారిపోయింది. డాక్టర్ ప్రసాద్ చెప్పిన చివరి మాట చెవిలో పడ్డట్టయింది. బడీ వద్దు, ఇల్లూ వద్దు.

“మేడం, ఇది దవాఖానా జ్వరం. ఆటో పిలవండి.”

అప్పుడుగానీ ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. నన్ను గోడ పక్కకు రమ్మంది.

“మీకు తెలియందేముందండీ? దవాఖానాలో ఫలానా ఆశ్రమ పాఠశాల అని రాసుకుంటారు. సాయంత్రానికి మీవాళ్లు చూస్తారు. పొద్దున్నే పేపర్లో. మధ్యాహ్నానికి నాకు మెమో. పోయినేడు పక్క బడి మేడం సస్పెండ్ అయింది. ఆవిడ చేసిన నేరమేంటి? పిల్లని దవాఖానాలో చేర్చడం. చేర్చకుండా ఇంటికి పంపినవాళ్లంతా హాయిగా డ్యూటీ చేసుకుంటున్నారు. మీరు రాయనని మాటివ్వండి, ఇప్పుడే ఆటో పిలుస్తాను.”

మా వృత్తిలో చేరిన రోజే చెబుతారు, రాయనని ఎవరికీ మాటివ్వకు అని. మంచి నియమమే. నేను కూడా మీకు అదే చెబుతాను. దాన్ని గోడ పక్కన నిలబడి ఆలోచిస్తుంటే జోగయ్య అక్కడి నుంచే అరిచాడు.

“ఏంది సారూ, గంత సోచాయిస్తున్నవ్? రాయను అని చెప్పరాదు! చెప్పి, తర్వాత రాసుకో!”

“విన్నారా, విన్నారా!” అంది మేడం.

“రాయను. ఇచ్చిన మాట తప్పను. జల్దీ పిలవండి” అన్నాను.

108 బండ్లు అప్పటికి మా వైపు రాలేదు. వచ్చిన షేర్ ఆటో నిండా సంతకు పోయే జనం. డ్రైవరు దిగమంటే గొణుక్కుంటూ దిగారు. కూరకు అమ్మే లేత వెదురు కొమ్ముల గంప పెట్టుకున్న ఒక ముసలమ్మ మాత్రం దిగలేదు. నాగమణి తల ఒళ్లో పెట్టుకుని, “పోనియ్యి పోరడా, చూస్తవేంది?” అని డ్రైవరును కసిరింది. రాజేశ్వరి మేడం కూడా ఎక్కింది. నేను వెనక బండి మీద వెళ్లాను.

దవాఖానాలో డాక్టర్ ప్రసాద్ వేలి నుంచి రక్తం చుక్క తీయించాడు. మలేరియా, మెదడుకు ఎక్కే రకం. సూది మందు మొదలుపెట్టి బయటికొచ్చి, జోగయ్యను పట్టుకుని, “వాగు దాటించి ఉంటే…” అని ఆగిపోయాడు. జోగయ్య తల ఊపాడు.

జావ అడిగిన పిల్ల

రెండో రోజు నాగమణి కళ్లు తెరిచి అయ్యను గుర్తుపట్టింది. మూడో రోజు జావ తాగింది. ఆ మూడో రోజే ఇంకొక పేపర్లో వార్త వచ్చింది. ఆ పేపరుకు వార్తకింతని రాసే కంట్రిబ్యూటరు దవాఖానా గుమాస్తాను అడిగి పేరు, బడి తీసుకుపోయాడు. మంచం దాకా రాలేదు. ‘ఆశ్రమంలో మృత్యుఘంటికలు.’ వార్డెన్ నిర్లక్ష్యం, చావుబతుకుల మధ్య విద్యార్థిని, సంఘాల ఆగ్రహం. పక్క మంచం వాళ్లెవరో జోగయ్యకు పైకి చదివి వినిపించారు.

“ఎవరు సారూ చావుబతుకుల నడుమ? ఇప్పుడే ఇంకింత జావ అడిగింది” అన్నాడు జోగయ్య.

మా ఇన్‌చార్జి ఫోను రానే వచ్చింది.

“ఆ మలేరియా పిల్ల వార్త మనకెందుకు మిస్సయింది?”

“మిస్ కాలేదు సార్. నేను అక్కడే ఉన్న.”

“ఉండి?”

“దవాఖానాలో చేర్పించినం.”

“అది గవర్నమెంటు పనయ్యా. మన పని వార్త.”

ఆయన చెడ్డవాడు కాదు. ఒక పేరు తప్పు పడితే రాత్రంతా నిద్రపోని మనిషి. నాకు వాక్యం రాయడం నేర్పింది ఆయనే. కానీ ఈ మాట మీద ఆయనతో నాకు అప్పుడూ కుదరలేదు, ఇప్పుడూ కుదరదు. ఆ వార్తలో పేర్లు తప్పు పడి ఉండకపోవచ్చు. కానీ అది చేసిన పని ఏమిటి? రాజేశ్వరి మేడం సస్పెండ్ అయింది. ఆవిడేం మహాత్మురాలు కాదు. జోగయ్య మొండికేయకపోతే ఆ పిల్లను వాగు దాటించేసేది, నేను లేకపోతే గేటు మూసుకునేది. అయితే ఆవిడకు శిక్ష పడింది వీటికి కాదు. ఆటో ఎక్కించినందుకు. ఆ సంగతి చుట్టుపక్కల ప్రతి వార్డెనూ చదువుకున్నది. మేము రాసిన జ్వరాల వార్తలన్నింటినీ అందరికన్నా శ్రద్ధగా చదివిన పాఠకులు వాళ్లే.

నాగమణి కోలుకుని బడికి పోతే, కొత్త వార్డెన్ గేటు దగ్గర ఆపి, పూర్తిగా తగ్గినట్టు డాక్టరు కాగితం తెమ్మంది. జోగయ్య మళ్లీ భద్రాచలం వచ్చాడు. “జ్వరం వస్తే తీస్కపో అంటరు, తగ్గితే తీస్కపో అంటరు. ఈ బడి ఎవరికి పెట్టిండ్రో నాకు సమజ్ కాలే” అన్నాడు. డాక్టరు కాగితం రాసిచ్చి, కలం బల్ల మీదికి విసిరేశాడు.

చెప్పని జ్వరం

ఆ మీది ఏడాది వానలు పడ్డాయి. రోజూలాగే వార్డుకు వెళ్లాను. ఒక మంచం మీద మళ్లీ నాగమణి. పొద్దున ప్రార్థనలో నిలబడ్డదల్లా కూలిపోయిందట. పడిపోయింది కాబట్టి, అందరూ చూశారు కాబట్టి, కొత్త వార్డెనే తీసుకొచ్చింది. సూది పడింది. పిల్ల ఈసారి మాట్లాడుతోంది. గండం లేదన్నాడు డాక్టర్ ప్రసాద్. అన్నాక కోపం వచ్చింది ఆయనకు.

“ఎప్పట్నుంచే జ్వరం?”

నాగమణి దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

“నిన్ననా? మొన్ననా?”

“మొన్నటికంటె ముందు” అంది మెల్లగా.

“ఇన్ని రోజులు ఒళ్లు కాలుతుంటే చెప్పొద్దా? నీకు ఎరికే గదనే, పోయినేడు ఏమైందో!”

“చెప్తే ఇంటికి పంపుతరు.”

“ఇంటికి పోవాలని ఉండదా నీకు?”

“ఉంటది,” అంది నాగమణి. “జ్వరం లేనప్పుడు.”

మంచం అవతల నిలబడ్డ కొత్త వార్డెన్ వైపు చూశాను. పాతికేళ్లు కూడా లేని మనిషి. ఆమె చూపు పిల్ల మీద లేదు. నా చేతిలో ఉన్న పెన్ను మీద ఉంది.

పెన్ను జేబులో పెట్టుకున్నాను. ఎన్నో బళ్లకు తిరిగాను, ఎన్నో సిక్ రూములు చూశాను. ఎంతమందికి జ్వరం అని అడగని విలేకరి లేడు. దానికి ప్రతి బడిలోనూ ఒకటే జవాబు, ఎవరికీ లేదు సార్ అని. నిజమే, ఉన్నవాళ్లు గేటు దాటిపోయి ఉంటారు.

“అమ్మా, నీ పేరు రాయను, బడి పేరు రాయను. ఈ వారం జ్వరంతో ఇంటికి పోయినోళ్లు ఎవరెవరు?” అని అడిగాను.

“అందరూ బాగానే ఉండుంటారు సార్” అంది.

“ఉండుంటరా?” అన్నాడు డాక్టరు.

మంచం మీద నుంచి నాగమణి ఒక పిల్ల పేరు చెప్పింది. బడిలో తన పక్క మంచం పిల్లట, వాగు అవతలి ఊరు. ఆ పేరు వినగానే వార్డెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకొక పేరు ఆమే చెప్పింది. తరువాత మరొకటి. ఒక్కో పేరు వెంట ఒక్కో ఊరు. నాలుగో ఊరు చెప్పేసరికి డాక్టర్ ప్రసాద్ సూదులు, మందులు సంచిలో వేయించుకుని, జీపు తాళాల కోసం గోడ దగ్గరికి నడుస్తున్నాడు.